మహాబలుని యింటి రహస్యము

బలవంతుని కథ యనిన చెవియొగ్గని బాలుడుండడు. వీరుడు శత్రువులతో నెట్లు పోరాడెనో తెలిసిన బాలురకు చాలును. తనవారితో నెట్లు మెలగెనో విచారించుట పెద్దల పని. అమెరికాదేశపు టెలివిజనులో 1952 మొదలు 2024 వఱకు పలుమాఱులు చూపబడిన సూపర్‌మాన్ కథను ఈ దృష్టితో పరిశీలించిన యెడల, ఆ కాలమున మాఱినది వీరుని బలము కాదనియు, స్త్రీకి అతడిచ్చు గౌరవమనియు స్పష్టమగును.

జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిరువురు యువకులు కల్పించిన ఈ వీరుడు 1938వ సంవత్సరమున బొమ్మల కథల పత్రికలో మొదట కనబడెను. అతడు నశించిన గ్రహమునుండి శిశువుగా వచ్చినవాడు. క్లార్క్ కెంట్ అను పేర వార్తాపత్రికలో విలేఖరిగా నుండి, ఆపత్సమయమున వేషము మార్చి ఆకాశమున కెగురును. తోటి విలేఖరియగు లోయిస్ లేన్ సూపర్‌మానును మెచ్చును; క్లార్కును పిఱికివానిగా నెంచును. ఇరువురు నొక్కరేయని యామె యెఱుగదు. కథకంతకును ఇదియే కీలము.

1952 నుండి 1958 వఱకు నడచిన తొలి ధారావాహికము 104 భాగములు గలది. అందు జార్జి రీవ్స్ క్లార్కును వట్టి భీరువుగా జేయక, నిబ్బరము గల విలేఖరిగా నటించుట మెచ్చదగినది. అయితే లోయిస్ పాత్రకు న్యాయము జరుగలేదు. వార్తలను వెదకి తెచ్చుటలో నేర్పరియైన స్త్రీ, తన ప్రక్క బల్లవద్ద కూర్చుండువానిని గుర్తింపజాలకున్నది. ఆమె యనుమానించినప్పుడెల్ల క్లార్కు ఏదో సాకు చెప్పి తప్పించుకొనును. ఆమె తెలివితక్కువ మనకు వినోదమైనది. 1956లో వచ్చిన యొక భాగమున వీరు పెండ్లియాడుట చూపబడినది గాని, అది లోయిస్ కనిన కల మాత్రమే.

1993లో 'లోయిస్ అండ్ క్లార్క్' అను ధారావాహికము మొదలయ్యెను. పేరులోనే స్త్రీ ముందు నిలిచినది. క్లార్కు తన్ను వివాహమాడుమని కోరునప్పటికే లోయిస్ రహస్యమును స్వయముగా గ్రహించినది. కోరుచున్నది క్లార్కా, సూపర్‌మానా యని యామె ప్రశ్నించినది, వెంటనే సమ్మతింపలేదు. ఇంతకాలము నమ్మింపక యుండినవానిని తక్షణమే నమ్మకుండుట వివేకమేకదా! అయితే 1996లో పెండ్లి జరుగునని యెదురుచూచిన ప్రేక్షకులకు, లోయిస్ రూపము దాల్చిన కృత్రిమస్త్రీతో పెండ్లి చూపి రచయితలు మోసము చేసిరి. నిజమైన పెండ్లి ఆ యేడు చివర జరిగెను. 1997లో ధారావాహికము ముగిసెను. రహస్యము వీడిన కథ చచ్చునని కొందఱు దీనిని దృష్టాంతముగా జూపుదురు. కథను బలహీనపఱచినవి ఇట్టి కుయుక్తులే గాని దంపతుల సత్యము గాదని నా యభిప్రాయము.

2001 మొదలు 2011 వఱకు నడచిన 'స్మాల్‌విల్' వీరుని యౌవనమును చెప్పును. ఇందు లెక్స్ లూథర్ మొదట క్లార్కునకు మిత్రుడు. క్లార్కు తన్ను గూర్చి దాచును, లెక్స్ ఆరయజూచును, ఒక యబద్ధమును కాపాడుటకు పది యబద్ధములు వలసివచ్చును. తుదకు స్నేహము వైరముగా మాఱును. పదియేండ్ల సాగదీతలో విసుగు పుట్టించు భాగములు పెక్కులున్నను, దాపఱికము మనుష్యులను చెఱచు క్రమమును ఇంత ఓపికతో చూపిన ధారావాహికము వేఱొకటి వీనిలో లేదు.

'సూపర్‌మాన్ అండ్ లోయిస్' 2021 నుండి 2024 వఱకు నడచెను. ఇందు వారు దంపతులు, పదునాలుగేండ్ల కవలల తలిదండ్రులు. భార్యకు అన్నియు తెలియును, బిడ్డలకు తెలియదు. మొదటి భాగముననే కుమారులు రహస్యమును కనిపెట్టి తండ్రిని నిలదీయుదురు. వారి కోపము న్యాయమైనదని కథ యొప్పుకొనును. 2023లో వచ్చిన మూడవ సంపుటమున లోయిస్‌కు రొమ్ము క్యాన్సరు సోకును. ఆకాశమున కెగురగల భర్తకు అప్పుడు ఆమె ప్రక్కన కూర్చుండుటకంటె వేఱు పని లేదు. వ్యాధి సంగతి బిడ్డలకు చెప్పవలెనా యను విచారము గూడ ఆ యింట గలుగును. రహస్యము వీడిన పిమ్మట కథ లేదనువారికి ఈ నాలుగు సంపుటములే సమాధానము.

సూపర్‌మాన్ తన రహస్యమునకు చెప్పు కారణమొక్కటియే: తెలిసిన ఆమెకు అపాయమని. ఈ మాట మనకు క్రొత్తదా? అప్పు చేసిన భర్తయు, వ్యాధిని దాచు తండ్రియు, ఆస్తి వివరములను భార్యకు తెలియనీయని గృహస్థుడును చెప్పునది ఇదియే. ఆడవారు భయపడుదురందురు, అపాయము వచ్చిననాడు ఆ భారమును మోయవలసినది ఆ స్త్రీలే. ఏమియు తెలియనందున వారు సిద్ధముగా నుండరు.

కావున ఇంటిల్లిపాదియు చూడగోరిన యెడల చివరిదానితో మొదలుపెట్టుట మంచిది. తొలిదానిని పిల్లలకు చూపినప్పుడు, లోయిస్‌ను చూచి వారు నవ్విన చోట ఆపి, ఆమెకేల చెప్పలేదని యడుగుడు. వారి యుత్తరమును శ్రద్ధగా వినుడు.