హంతకుడి క్యాలెండరా, ఊరి క్యాలెండరా?

ఎఫ్‌ఐఆర్ చేతికొస్తే చాలామంది ముందు పేర్లు చదువుతారు. క్రైమ్ వార్తలు రాసినవాళ్ల చూపు మాత్రం మూడో గడి మీదికి పోతుంది. నేరం ఏ రోజు ఏ వేళ జరిగింది, స్టేషన్‌కు కబురు ఎప్పుడొచ్చింది, జనరల్ డైరీలో ఎన్నింటికి ఎక్కింది, అన్నీ అక్కడే ఉంటాయి. వాటి మధ్య ఎడమే సగం సంగతి చెబుతుంది. రాత్రి రెండింటికి జరిగింది మర్నాటి సాయంత్రానికి గానీ స్టేషన్ గడప తొక్కలేదంటే, మధ్యలో పెద్దమనుషులు కూర్చుని ఉంటారని మా అనుమానం.

ఒకే తీరు నేరాలు వరసగా జరిగి, చేసినవాడెవడో తెలియనప్పుడు ఈ అలవాటు ఇంకా ముదురుతుంది. క్యాలెండర్ దించి తేదీల చుట్టూ సున్నాలు చుడతాం. మా వైపు గోడలకు వేలాడేది వెంకట్రామా వారి క్యాలెండర్ కాబట్టి తిథీ నక్షత్రమూ కూడా కళ్లెదుటే ఉంటాయి. పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, “అమావాస్యేనా?” అని.

ఈ పని ప్రపంచంలో బహుశా అన్నిటికన్నా ఎక్కువ జరిగింది 1888 నాటి లండన్ తేదీల మీద. వైట్‌చాపెల్ పేట చుట్టుపక్కల ఐదుగురు ఆడవాళ్లను చంపి, జాక్ ద రిప్పర్ అన్న మారుపేరు తప్ప ఏమీ మిగల్చకుండా పోయిన హంతకుడివి అవి. ఆగస్టు 31 శుక్రవారం. సెప్టెంబర్ 8 శనివారం. సెప్టెంబర్ 30 ఆదివారం, ఆ ఒక్క రాత్రే ఇద్దరు. నవంబర్ 9 శుక్రవారం. అన్నీ అర్ధరాత్రి దాటి, తెల్లారే లోపో తెల్లారుతుండగానో జరిగినవే.

వారాంతం చుట్టూ తిరిగే ఈ తేదీల మీద ఎన్ని మేడలు కట్టారో! వారమంతా పనిచేసి వారం చివర తీరిక దొరికినవాడన్నారు కొందరు. రాత్రి ఎటు పోయావని అడిగే పెళ్లాం లేనివాడన్నారు ఇంకొందరు. లార్కిన్స్ అనే కస్టమ్స్ గుమాస్తా ఓడల రాకపోకల లెక్కలు ముందేసుకుని, పోర్చుగల్ నుంచి పశువులను తెచ్చే ఓడల్లో పనివాళ్లే చేశారని వాదించాడు. విక్టోరియా రాణి కూడా పశువుల ఓడలను సోదా చేశారా అని హోం మంత్రిని అడిగించింది. మన కాలంలో మరో వాదం పైకొచ్చింది. మొదటి శవాన్ని చూసిన బండివాడు లెచ్‌మియరే హంతకుడనీ, తెల్లవారుజామున పనికి పోతూ దారిలో చంపాడనీ. గమనించండి, తేదీలు అవే. ఒకరికి అవి సెలవు మనిషిని చూపిస్తే, ఇంకొకరికి డ్యూటీకి పోయే మనిషిని చూపిస్తున్నాయి.

లెక్క వేసి చూస్తే ఈ మేడల పునాది కూడా పల్చనే. నాలుగు రాత్రులకు వారాలు పడగల తీరులు మొత్తం 2,401. అవి వారంలో పక్కపక్కనుండే ఏవో మూడు రోజుల్లో ఇమిడిపోయే తీరులు 455. అంటే గుడ్డిగా వేసినా నూటికి 19 సార్లు ఇలాంటి వరస పడుతుంది. శుక్ర, శని, ఆదివారాలే పడతాయని ముందే చెప్పి ఉంటే అది నూటికి మూడున్నర లోపే, అప్పుడు ఆశ్చర్యపోవాలి. తేదీలు చూశాక మూడు రోజులు ఎంచుకుంటే అంత ఆశ్చర్యం అక్కర్లేదు.

అమావాస్య సంగతీ చెబుతాను. ఆ నాలుగు రాత్రుల్లో ఒక్కటీ అమావాస్య కాదు, పౌర్ణమీ కాదు. కానీ ఆగస్టు 7న హత్యకు గురైన మార్తా టాబ్రమ్‌ను కూడా అతని ఖాతాలోనే వేయాలనేవాళ్లు ఉన్నారు. ఆమెను కలిపితే అమావాస్య దొరుకుతుంది, వారాంతం పోతుంది. అది మంగళవారం. సోమవారం బ్యాంకు సెలవు, ఊరంతా తాగి తిరిగిన రోజు. ఎవరిని జాబితాలో ఉంచాలో తేల్చేది మనమే, ఆ జాబితా చెప్పే కథా మనం పెట్టిందే.

మరి ఆ వేళలు ఏమీ చెప్పవా? చెబుతాయి, కాకపోతే ముందుగా, చనిపోయినవాళ్ల గురించి. మొదట హతమైన మేరీ ఆన్ నికోల్స్ ఆగస్టు 31 రాత్రి వీధిలో ఎందుకుంది? సత్రంలో పడకకు నాలుగు పెన్నీలు లేక బయటికి పంపేశారు. యానీ చాప్‌మన్‌దీ అదే గతి, పడక డబ్బుల్లేక అర్ధరాత్రి దాటాక రోడ్డున పడింది. కాథరిన్ ఎడోస్‌ను రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తాగి పడి ఉందని పోలీసులు తీసుకెళ్లారు. మత్తు దిగాక ఒంటిగంటకు వదిలేశారు. ఒంటిగంటన్నరకు మైటర్ స్క్వేర్‌లో గస్తీ కానిస్టేబుల్‌కు ఎవరూ కనబడలేదు. అతనే చుట్టు తిరిగి 1.44కి వచ్చేసరికి ఆమె శవమై ఉంది. ఆ వేళను నిర్ణయించింది హంతకుడొక్కడే కాదు. సత్రం నిర్వాహకుడు, లాకప్ తలుపు, గస్తీ చుట్టు, అన్నీ కలిసి నిర్ణయించాయి.

హంతకుడి గురించి ఆ వేళలు చెప్పేది కొద్దే. ఆ జాములో కనిపించకపోయినా వెతికేవాళ్లు లేనివాడు, పద్నాలుగు నిమిషాల్లో పని ముగించి సందుల్లోంచి జారుకోగలిగినవాడు. సెప్టెంబర్ 30 తర్వాత నలభై రోజులు చప్పుడు లేదు. అక్టోబర్ నెలంతా వీధుల్లో పోలీసులు, పేట జనం కాపలా తిరిగారు. తర్వాతి హత్య వీధిలో కాక మేరీ జేన్ కెల్లీ అద్దె గదిలోనే జరిగింది. ఇంతకుమించి తేదీల నుంచి పిండితే వచ్చేది మన ఊహే.

ఇదే పాఠం మన ప్రకాశం జిల్లా కూడా చెప్పింది. 2008లో ఒంగోలు దగ్గర జాతీయ రహదారి మీద లారీలు మాయమయ్యాయి. ఇనుము లోడుతో దుర్గాపూర్ నుంచి కల్పాక్కం బయల్దేరిన తమిళనాడు లారీ చేరలేదన్న ఫిర్యాదుతో కేసు కదిలింది. మున్నా అనేవాడి ముఠా అధికారుల వేషంలో రాత్రిపూట లారీలు ఆపేదనీ, డ్రైవర్‌నూ క్లీనర్‌నూ తాడుతో చంపి పాతిపెట్టేదనీ, సరుకు అమ్మి లారీని మద్దిపాడు గోడౌన్‌లో ముక్కలు చేసేదనీ అప్పుడు తేలింది. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది. మనుషులెవరో తెలియని రోజుల్లో ఆ తేదీలను ఏ తిథితో సరిచూసినా దొరికేదేముంది? ఆ రాత్రులను నిర్ణయించింది ఎక్కడో ఇనుము లోడయిన వేళ, లారీ ఒంగోలు దాటే వేళ. తలాతోకా లేనట్టు కనిపించే తేదీలకు తాళం చెవి లోడు కాగితాల్లో ఉంది.

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ దొంగతనాల తేదీలు గుర్తు పెట్టి చూడండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చిక్కగా, శని, ఆదివారాల్లో పల్చగా పడితే దొంగకు శనివారం పడదని అర్థం కాదు. ఆ రెండు రోజులూ యార్డుకు సెలవు. సీజన్‌లో రైతు మిర్చి బస్తాల మీదే నిద్రపోతాడు, కాటా అయ్యాక జేబులో డబ్బుంటుంది. కర్నూలు నుంచి మిరప కోతలకొచ్చిన కూలీలు చేల పక్క గుడారాల్లో ఉంటారు. ఊరి క్యాలెండర్ తెలియనివాడికి ప్రతి వరసా హంతకుడి చేతిరాతలాగే కనబడుతుంది.

అందుకే ఎవరైనా తేదీలు తెచ్చి “వీడెవడై ఉంటాడు?” అని అడిగితే, ఆ రాత్రుల్లో బయట ఎవరుండాల్సి వచ్చిందో, ఎందుకుండాల్సి వచ్చిందో ముందు రాసుకు రమ్మంటాను. నేరస్తుడి పేరు నూట ముప్పై ఏళ్లకు పైగా దొరకకపోవచ్చు. ఆ రెండో జాబితా మాత్రం ఆ వారమే పనికొస్తుంది. డబ్బుల్లేని ఆడమనిషిని అర్ధరాత్రి గెంటే సత్రం, తూలుతున్న మనిషిని నడిరాత్రి ఒంటరిగా వదిలే స్టేషన్, డ్రైవర్లు ధైర్యంగా లారీ ఆపుకునే చోటు లేని హైవే, వీటిని సరిచేయడానికి హంతకుడి పేరు తెలిసే దాకా ఆగక్కర్లేదు.