చెయ్యి తీసే విద్య

తొమ్మిది నెలల బిడ్డను పగటిపూట నిద్రపుచ్చడం మన ఇళ్ళలో అందరికీ వచ్చు. భుజాన వేసుకుని తిరుగుతారు, ఉయ్యాల ఊపుతారు, పాలిస్తూ జోకొడతారు. అదే బిడ్డ పక్కమీద మెలకువగా పడుకుని, ఎవరూ ఊపకుండా, తనంతట తాను కునుకులోకి జారుకునేలా అలవాటు చేయడం వేరే పని. హైదరాబాదులో ఐటీ కంపెనీల మధ్య ఉన్న ఒక పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆ పనిని దగ్గర కూర్చుని చూశాను. చేసే మనిషిని అందరూ ఆయమ్మ అంటారు. నల్గొండ వైపు ఊరు. అంత నిక్కచ్చిగా పనిచేసే చేతులను నేను అరుదుగా చూశాను.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు మరీ పసిగుడ్లేం కాదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవు 26 వారాలైంది. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలు పిల్లల సంరక్షణకు చోటు ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ అదే సవరణ చెప్పింది. ఆ సెలవు అయిపోయి, సాయానికి వచ్చిన అమ్మమ్మ ఊరెళ్ళిపోయాక ఏడెనిమిది నెలల బిడ్డలు చంకనెక్కి ఇక్కడికి వస్తారు. పగటి నిద్ర నేర్పడానికి ఇది చాలా చిక్కు వయసు. అమ్మ గడప దాటిందంటే వెళ్ళిపోయిందని తెలిసిపోతుంది. కొత్త ముఖం కనబడితే పెదవి విరుస్తారు. పడుకోబెడితే బోర్లా తిరిగి గోడ పట్టుకుని నిలబడతారు, మళ్ళీ కూర్చోవడం చేతకాక ఏడుస్తారు. దానికి తోడు ఇంట్లో పడిన అలవాటు ఒకటి గట్టిగా నాటుకుని ఉంటుంది.

నేను చూసిన రోజుల్లో ఒక ఎనిమిది నెలల పిల్లవాడు కొత్తగా చేరాడు. వాళ్ళమ్మది గుంటూరు. "స్ప్రింగు ఉయ్యాల్లో వేసి ఊపకపోతే వీడు పడుకోడండీ ఆయమ్మా" అని భయపడుతూ చెప్పింది. "ఏంగాదు తియ్యమ్మా, ముందుగాల నన్ను గుర్తువట్టనియ్యి పిల్లగాన్ని" అంది ఆయమ్మ. మొదట్లో ఆమె ఏ అలవాటునూ మాన్పించదు. కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డను వేసుకుని, మోకాళ్ళు అటూ ఇటూ ఆడిస్తూ నిద్రపుచ్చింది. వాడికి ఊపు అందింది, ఊపే మనిషి మాత్రం మారింది. తన వాసన, తన గొంతు నిద్రతో ముడిపడేదాకా ఆమె తర్వాతి మెట్టు ఎక్కదు. చాలామంది తొందరపడేది ఇక్కడే.

నిద్రకు ముందు ఆమె చేసే పనుల వరస ఎప్పుడూ మారదు. తడిగుడ్డతో ముఖం, కాళ్ళు తుడుస్తుంది. గుడ్డ మారుస్తుంది. కిటికీ తెర లాగుతుంది. "పండుకుందాం పా బిడ్డా" అంటుంది, అదే మాట, అదే స్వరంలో. చాప మీద పలచని బొంత, దాని కింద వాళ్ళమ్మ పాత చీర ముడతలు లేకుండా బిగించి పరిచి ఉంటుంది. అమ్మమ్మ ప్రేమగా పంపిన ఆవాల దిండును మర్యాదగా మడిచి సంచిలో పెట్టేస్తుంది. ఏడాది నిండని బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలనీ, పక్కలో దిండ్లు, మెత్తటి దుప్పట్లు ఉండకూడదనీ పిల్లల వైద్యులు చెప్పేదాన్ని ఆమె ఒక్కరోజు కూడా తప్పదు. పాలు నిద్రకు ముందు కాకుండా నిద్ర లేచాక పట్టేలా వాళ్ళమ్మ వచ్చే వేళల్ని ఆమే మెల్లగా జరిపింది. దాంతో పాలకూ నిద్రకూ ఉన్న ముడి ఎవరికీ నొప్పి లేకుండా వదులైంది.

వేళ పట్టుకోవడంలో ఆమె కన్ను గొప్పది. కళ్ళు నలుపుకునే దాకా ఆగదు. ఆడుతున్న బిడ్డ చేతిలోంచి గిలక జారిపడి, వాడు దాన్ని వెతక్కుండా ఎటో చూస్తూ ఉండిపోతే చాలు, లేచి తెర లాగుతుంది. ఇంకో పావుగంట పోతే బిడ్డ అలసటతో రేగిపోతాడు, అప్పుడు ఏ చెయ్యీ పనిచేయదు. మరీ ముందుగా పడుకోబెట్టినా అంతే, మెలకువగా ఉన్నంతసేపూ పేరుకోవాల్సిన నిద్రబరువు ఇంకా పేరుకోలేదన్నమాట. ఈ వయసులో రెండు కునుకులకు మధ్య దాదాపు మూడు గంటల మెలకువ కావాలి, పిల్లను బట్టి కాస్త అటూ ఇటూ.

ఇక చెయ్యి. నేను గంటలకొద్దీ చూసింది దీన్నే. వాడు ఆమెకు అలవాటయ్యాక కాళ్ళ మీద నిద్రపుచ్చడం తగ్గించి, కనురెప్పలు బరువెక్కినా ఇంకా తెరిచి ఉండగానే బొంత మీదికి దించడం మొదలుపెట్టింది. అరచేయి మొత్తం తుంటి పక్కన పడుతుంది, సెకనుకు ఒకటి చొప్పున, చప్పుడు వినబడేంత బరువుగా. కాసేపటికి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతుంది. బిడ్డ ఊపిరి కన్నా ఆమె చెయ్యి కొంచెం ముందే నెమ్మదిస్తుంది, ఊపిరి దాని వెనకే దిగివస్తుంది. తర్వాత జోకొట్టడం ఆగి, చెయ్యి అక్కడే ఆనుకుని ఉండిపోతుంది. ఆ బరువును కూడా ఒక్కసారిగా తీసేయదు. ముందు మణికట్టు లేస్తుంది, తర్వాత అరచేయి, చివరికి వేళ్ళు. ఇంత జరుగుతున్నా గొంతులోని కూనిరాగం ఆగదు. స్పర్శ పోయాక కాసేపు ఆ రాగం నిలుస్తుంది, రాగం పోయాక ఆమె కూర్చున్న ఒంటి నీడ నిలుస్తుంది. ఒకదానికి ఇంకొకటి ఆసరాగా ఉండగానే మొదటిదాన్ని తీస్తుంది.

జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమి కురోడా బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం చదివినప్పుడు నాకు ఈ చెయ్యే గుర్తొచ్చింది. ఏడు నెలల లోపు పిల్లలు 21 మందిని గమనించి, ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు నడవడం, నిద్రపట్టాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చుని ఆ తర్వాత పడుకోబెట్టడం మేలని వాళ్ళు చెప్పారు. వీపు పక్కకు తగలడం కన్నా తల్లి ఒంటి నుంచి విడివడడం మొదలైన క్షణమే బిడ్డను ఎక్కువ కదిలిస్తుందని గుండె వేగం లెక్కల్లో తేలింది. ఆయమ్మ పిల్లలు అంతకన్నా కొంచెం పెద్దవాళ్ళు. ఆమె ఆ విడివడడాన్ని బిడ్డ మెలకువగా ఉండగానే, బిడ్డకు తెలిసేలా జరిపిస్తుంది. అది ముందే అయిపోయింది కనుక నిద్ర మధ్యలో ఉలిక్కిపడడానికి కారణం ఉండదు.

నిద్రపట్టాక పని అయిపోలేదు. ఈ వయసులో నిద్ర ఒక చుట్టు తిరగడానికి ముప్పావుగంట, గంట పడుతుంది. చుట్టు చివర ప్రతి బిడ్డా కొంచెం పైకి తేలతాడు. ఊపుతూ ఉంటేనే నిద్రపోయినవాడు అప్పుడు ఆ ఊపు కోసం వెతుక్కుంటాడు, దొరకక పూర్తిగా లేస్తాడు. బొంత మీద తానే కళ్ళు మూసినవాడికి చుట్టూ అంతా మూసినప్పటిలాగే కనబడుతుంది, మళ్ళీ మునిగిపోతాడు. ఆ తేలే వేళకు ఆయమ్మ పక్కనే ఉంటుంది. కదలిక మొదలవగానే ముట్టుకోదు, చూస్తుంది.

ఏడుపును వినడం ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసినట్టు నాకు కనబడలేదు. నసకు కదలదు. రాగం తీస్తే "నేను గీడనే ఉన్న" అని ఒక్కమాట పంపుతుంది. గుక్క పట్టే సూచన వినబడితే మరుక్షణం ఎత్తుకుంటుంది, అప్పటిదాకా గెలిచినదంతా పోతుందని ఆలోచించదు. బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో తెచ్చిన పుస్తకంతో, ఏడ్చే బిడ్డ దగ్గరికి వెళ్ళే ముందు ఆగే నిమిషాలను రోజురోజుకూ పెంచే పద్ధతి బాగా ప్రచారమైంది. ఆయమ్మ నిమిషాలు లెక్కపెట్టదు, చెవి ఒగ్గి వింటుంది. గదిలోంచి వెళ్ళేటప్పుడు కూడా దొంగచాటుగా జారుకోదు. "అటు పోయొస్త" అని చెప్పి వెళ్తుంది, చెప్పినట్టే వస్తుంది. బిడ్డ ఒంటరిగా కునుకు తీయగలగడానికి పునాది ఈ నిజాయితీయే అని నా నమ్మకం.

ఒకే గదిలో ఆరుగురు పిల్లలు పడుకోవాలి కనుక ఆమెకు ఇంకో లెక్క కూడా ఉంది. గాఢంగా నిద్రపోయే పిల్లను ముందు పడుకోబెట్టి, కొత్తవాణ్ణి ఆ పక్కన వేస్తుంది. వంటగదిలో కుక్కర్ కూత వేస్తే పట్టించుకోదు, మరీ నిశ్శబ్దం అలవాటైతే ఇంట్లో పనికిరాదంటుంది. గోడకు వేలాడే పుస్తకంలో ఎవరు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో రాసి సాయంత్రం తల్లులకు చూపిస్తుంది. 4 నుంచి 12 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ 2016లో చెప్పింది. పగటి లెక్క తెలియని తల్లి రాత్రి లెక్క ఎలా వేస్తుంది?

పిల్లవాడు తానే నిద్రపోవడం అనగానే వేరే గది, మూసిన తలుపు ఊహించుకుని మన పెద్దవాళ్ళు బాధపడతారు. అలాంటిదేం లేదు. ఇక్కడ చుట్టూ పిల్లలుంటారు, పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. రాత్రి వాడు అమ్మ పక్కనే పడుకుంటాడు, అది మన ఇళ్ళ పద్ధతి, దాన్ని చెడగొట్టాల్సిన పనే లేదు. ఉయ్యాల మానడం మాత్రం ఈ వయసులో ఎలాగూ తప్పదు. కూర్చోవడం, పట్టుకు లేవడం వచ్చిన బిడ్డ అందులోంచి పడిపోతాడు.

గుంటూరు తల్లి పిల్లవాడు చక్కగా దారిలో పడ్డాక జ్వరం వచ్చింది, పైపళ్ళు కూడా వస్తున్నాయి. వారం ఇంట్లో ఉండి తిరిగి వచ్చేసరికి అన్నీ మరిచిపోయాడు. తల్లి ముఖం వాడిపోయింది. ఆయమ్మ ఏమీ అనకుండా కాళ్ళు చాపుకుని వాణ్ణి మళ్ళీ వాటి మీద వేసుకుంది. ఈసారి మెట్లు త్వరగా ఎక్కింది, ఎందుకంటే ఏ మెట్టు దగ్గర వాడు బెదురుతాడో ఆమెకు తెలుసు. తల్లికి ఆదివారం కోసం ఒక్కటే చెప్పి పంపింది: గుడ్డ మార్చడం, తెర లాగడం, ఆ మాట అనడం, ఈ వరస ఇంట్లోనూ ఉండనియ్యమని. ఏడాదిన్నర లోపల వాడి రెండు కునుకులూ కలిసి మధ్యాహ్నం ఒక్కటవుతాయి. పొద్దుటి నిద్ర పూట ఏం ఆడించాలో, అన్నం ఎంత ముందు పెట్టాలో ఆయమ్మ అప్పుడే ఆలోచించి పెట్టుకుంది.