‘మాలపల్లి’ నవల: కష్టకాలంలో నమ్మకానికి కట్టుబడి ఉండటం

1. పరిచయం

మనిషి నమ్మకాల విలువ సుఖంగా ఉన్న రోజుల్లో తెలియదు. నమ్మినదానికి కట్టుబడితే భూమి పోతుందని, కూడు పోతుందని, ప్రాణమే పోతుందని తెలిసినప్పుడు ఆ మనిషి ఏం చేశాడన్నదే అసలు పరీక్ష. తెలుగు నవలల్లో ఈ పరీక్షను విస్తృతంగా చిత్రించిన రచన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. దీనికే ‘సంగవిజయం’ అని మరో పేరు. ఈ నవలలోని మూడు ప్రధాన పాత్రలు కష్టకాలంలో ఎలా నిలబడ్డాయో, ఆ నిలకడకు మూల్యం ఎవరు చెల్లించారో ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. రచయిత, రచనా నేపథ్యం

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877-1958) గుంటూరు ప్రాంతానికి చెందినవారు. డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. వితంతు వివాహాల కోసం, స్త్రీ విద్య కోసం పనిచేశారు. భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి గుంటూరులో శారదా నికేతనాన్ని నడిపారు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో జైలుకు వెళ్లారు. రాయవేలూరు జైలులో ఉండగానే ‘మాలపల్లి’ రాశారు. 1922లో ఇది తొలిసారి అచ్చయింది. ప్రభుత్వం ఈ పుస్తకాన్ని నిషేధించింది. 1936లో మరోసారి నిషేధం వచ్చింది. 1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తర్వాతే అది తొలగిపోయింది.

ఈ వివరాలు కేవలం పరీక్ష కోసం గుర్తుంచుకోవలసినవి కావు. నవలలోని పాత్రలు ఎదుర్కొన్న జైలు రచయిత అనుభవించిన జైలే. అందుకే ఖైదీల జీవితాన్ని చిత్రించిన భాగాల్లో ఊహాకల్పన కంటే ప్రత్యక్ష పరిచయం ఎక్కువగా కనిపిస్తుంది.

3. మూడు పాత్రలు, మూడు మార్గాలు

3.1 సంగదాసు

రామదాసు కుమారుడైన సంగదాసు భూస్వామి చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి స్నేహితుడు. కూలి విషయంలో రైతులకు, కూలీలకు మధ్య తగాదా వచ్చినప్పుడు అతను కూలీల పక్షాన నిలుస్తాడు. ఇక్కడ అతని ఇబ్బందిని గమనించాలి. యజమాని ఉప్పు తింటున్నాడు, యజమాని కొడుకు ఆదరణ పొందుతున్నాడు. మౌనంగా ఉంటే అతనికి లోటేమీ లేదు. అయినా తనవారి న్యాయమైన కోరికను కాదనలేకపోయాడు. చివరికి చౌదరయ్య చేతి దెబ్బకే బలయ్యాడు. సంగదాసు ఎవరిమీదా చెయ్యెత్తలేదు. సంస్కరణ, ఐకమత్యం, శాంతియుతమైన పట్టుదల అతని మార్గం.

3.2 వెంకటదాసు

తమ్ముడి మరణానికి తగిన న్యాయం జరగదు. ఉన్న భూమీ చేజారుతుంది. కోర్టులు, అధికారం ఉన్నవారికే అండగా నిలుస్తున్నాయని వెంకటదాసు గ్రహిస్తాడు. తక్కెళ్ల జగ్గడు అనే పేరుతో ధనికులను దోచి పేదలకు పంచే మార్గం పడతాడు. చివరికి జైలులో మరణిస్తాడు. వెంకటదాసు తన నమ్మకాన్ని వదిలిపెట్టాడనడం సరికాదు. న్యాయం జరగాలన్న నమ్మకం అతనిలో మారలేదు. చట్టం ద్వారా న్యాయం జరుగుతుందన్న నమ్మకం మాత్రమే పోయింది. ఈ రెండింటినీ వేరుగా చూసినప్పుడే ఆ పాత్ర అర్థమవుతుంది.

3.3 రామదాసు

రామదాసు వైష్ణవ భక్తుడు, వేదాంతి. కొడుకులను, భార్య మహాలక్ష్మిని, కూతురు జ్యోతిని ఒకరి తర్వాత ఒకరిగా కోల్పోతాడు. భూమి పోగొట్టుకుంటాడు, నిర్బంధాన్ని అనుభవిస్తాడు. ఇంత జరిగినా ద్వేషానికి లోనుకాడు. తన ధర్మాన్ని విడిచిపెట్టడు.

4. విమర్శనాత్మక పరిశీలన

రామదాసు ఓర్పు గురించి పాఠకుడికి ఒక ప్రశ్న తప్పక కలుగుతుంది. ఇది నిలకడా, లేక లొంగుబాటా? అన్యాయాన్ని కర్మఫలంగా సరిపెట్టుకునేవాడు అన్యాయం చేసినవాడికి మేలే చేస్తాడు కదా? ఈ అభ్యంతరంలో బలముంది. అణగారిన వర్గం మనిషి మంచివాడు అనిపించుకోవాలంటే ఇంత సాత్వికుడిగా ఉండాలా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. రచయిత అగ్రవర్ణానికి చెందిన సంస్కర్త. అగ్రవర్ణ పాఠకుల సానుభూతిని పొందగల రీతిలో రామదాసును తీర్చిదిద్దాడని అనిపించే సందర్భాలున్నాయి.

అయితే నవలను రామదాసు ఒక్కడి కథగా చదివితే పొరపాటవుతుంది. రచయిత అతని పక్కనే వెంకటదాసును నిలబెట్టాడు. అహింసావాద ఉద్యమంలో జైలుకు వెళ్లిన రచయిత, హింసామార్గం పట్టిన పాత్రను దుర్మార్గుడిగా చిత్రించలేదు. అతన్ని ఆ దారిలోకి నెట్టిన కారణాలను వరుసగా చూపాడు. తాను నమ్మిన మార్గానికి ఎదురుగా ఉన్న మార్గాన్ని కూడా సానుభూతితో చూడగలగడం ఈ నవలకున్న పెద్ద బలం. నమ్మకంలో స్థిరత్వమంటే ఎదుటి వాదం వినకపోవడం కాదని రచనా విధానమే చెబుతున్నది.

మరో అంశాన్ని విమర్శకులుగా మనం విడువరాదు. తండ్రీకొడుకులు ముగ్గురూ తమ తమ దారులను ఎంచుకున్నారు. ఆ దారుల ఫలితాన్ని మహాలక్ష్మి, జ్యోతి కూడా అనుభవించారు. మహాలక్ష్మి జైలులో మరణిస్తుంది. జ్యోతి నీటిపాలవుతుంది. వారు దేన్ని నమ్మారు, ఏ దారిని కోరుకున్నారు అన్న విషయానికి నవలలో దక్కిన చోటు తక్కువ. ఒకరి నిలకడకు ఇంటిల్లిపాదీ మూల్యం చెల్లిస్తున్నప్పుడు ఆ నిలకడను ఎలా అంచనా కట్టాలి? నవల ఈ ప్రశ్నను నేరుగా అడగదు. కానీ ఆ మరణాలను దాచిపెట్టకుండా చూపించి, మనం అడగడానికి కావలసిన ఆధారాలను ఇస్తుంది.

భాష విషయంలోనూ ఒక పట్టుదల ఉంది. గ్రాంథికానికి గౌరవం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఉన్నవ గుంటూరు ప్రాంతపు వాడుక మాటలకు నవలలో చోటిచ్చారు. మాలపల్లి మనుషుల బతుకును వారికి పరాయిదైన భాషలో చెబితే వారి నమ్మకాలు కూడా పరాయివిగానే వినిపించేవి.

5. సారాంశం

‘మాలపల్లి’లో నమ్మకానికి కట్టుబడినవారెవరికీ సుఖమైన ముగింపు దక్కలేదు. సంగదాసు మరణించినా అతని ఆశయం మరికొందరిని కదిలించింది. ‘సంగవిజయం’ అన్న పేరుకు అర్థం ఇదే. మనిషి ఓడిపోయినా అతను నిలబడిన కారణం ఓడిపోలేదు. అయితే ఈ విజయాన్ని తేలికగా పొగడకూడదు. రామదాసు ఓర్పును, వెంకటదాసు ఆగ్రహాన్ని, జ్యోతి మరణాన్ని ఒకే చోట ఉంచి చదివినప్పుడే ఆ పేరులోని బరువు తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సంగదాసు, వెంకటదాసుల మార్గాల మధ్య ఉన్న సామ్యాన్ని, భేదాన్ని వివరించండి.
2. రామదాసు ఓర్పును నిలకడగా భావిస్తారా, లొంగుబాటుగా భావిస్తారా? మీ అభిప్రాయాన్ని నవల ఆధారంగా సమర్థించండి.