సాయంత్రాల ఊరు

రాజమండ్రీ, నీ ఉదయాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సూర్యుడు మన ఊళ్ళోకి దొడ్డిదారిన వస్తాడు, కడియం పూలతోటల వైపు నుంచి, ఇళ్ళ వెనకాల నుంచి, ఎవరికీ చెప్పకుండా. మేం పాలపాకెట్టు కత్తిరించి కాఫీ కలుపుకునేలోగా నెత్తికెక్కి కూచుంటాడు. కాశీ సంగతి వేరు. అక్కడ గంగ ఒడ్డున మెట్లన్నీ తూర్పుకి తిరిగి ఉంటాయి. జనం నీళ్ళలో నిలబడి పొద్దుపొడుపుకి దణ్ణం పెడతారు. నువ్వేమో గోదారికి తూర్పుగట్టున కూచుని పడమటికి మొహం పెట్టావు. నీ వాటాకి సాయంత్రం వచ్చింది. ఆ పంపకం చేసినవాడెవడోగాని, మనకి అన్యాయం చెయ్యలేదు.

మధ్యాహ్నం నిన్ను చూడకూడదు. మే నెల్లో దేవీచౌక్ దగ్గర తారు మెత్తబడి చెప్పుల్ని పట్టుకుంటుంది. తాడితోట బట్టల మార్కెట్లో గుమాస్తాలు తానుల మధ్య కునికిపాట్లు పడుతుంటారు. కోటిపల్లి బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు వెనక సీట్లో ముడుచుకుని కాళ్ళు మాత్రం బయటికి చాపి నిద్రపోతారు. నాలుగున్నర దాటాక పైరగాలి తిరుగుతుంది. అది తిరిగిన సంగతి ముందు మల్లెపూలమ్మికి తెలుస్తుంది, బుట్ట మీద తడిగుడ్డ తీసేస్తుంది. తర్వాత బజ్జీల బండివాడికి. ఆఖర్న మాలాంటి రిటైరైన మేష్టర్లకి.

కోటగుమ్మం వైపు నడుస్తాను. రోజ్‌మిల్క్ కోసం. గాజుగ్లాసు చేతికి తగలగానే సగం దాహం అక్కడే పోతుంది. మొదటి గుక్క పళ్ళని జివ్వుమనిపిస్తుంది. రెండో గుక్కకి గాని గులాబీ నాలిక మీదికి రాదు. మూడోదానికి గ్లాసు బయట పట్టిన చెమ్మ వేళ్ళ సందుల్లోంచి మణికట్టుకీ, అక్కణ్ణుంచి మోచేతికీ జారుతుంది, చొక్కా చెయ్యి తడుస్తుంది. నిలబడే తాగాలి. ఇప్పుడు కూచుని తాగే కొట్లూ వచ్చాయి, ఏసీ కూడా ఉంది, స్ట్రా ఇస్తారు. స్ట్రాతో తాగితే పెదవి మీద గులాబీ మీసం రాదు. మీసం రాని రోజ్‌మిల్క్ ఎందుకండీ?

గట్టు ఎక్కేసరికి నా మనిషి బుట్ట దించుకుని ఉంటాడు. ముంతకింద పప్పు. వెదురుబుట్ట నిండా మరమరాలు, శనగపప్పు, వేరుశనగ్గుళ్ళు, వాటి నడిమధ్య నిప్పులు పోసిన చిన్న మట్టిముంత. ముంత ఎత్తి దాని కింద వెచ్చబడ్డ పప్పు తీసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర వేసి డబ్బాలో గిలక్కొడతాడు. ఆ గిలక్కొట్టడంలో కూడా తాళం ఉంటుంది.

"ఉల్లిపాయ ఎక్కువేనాండీ మాస్టారూ?"

"వెయ్యవయ్యా."

"నిమ్మకాయ మటుకు తక్కువేశానండి. మీకు పడదు కదండి."

నాకు ఏది పడదో డాక్టరు కన్నా ఇతనికే బాగా తెలుసు. పొట్లం అందుకుని మెట్టు మీద కూచుంటాను. ఇటు ముంతలో నిప్పు, అటు కొవ్వూరు చెట్ల మీద నిప్పు. రెండూ ఒకేసారి బూడిద పడుతుంటాయి.

గట్టు మీద నడుస్తుంటే ఎక్కడో ఒకచోట పొద్దు పాత బ్రిడ్జి కమ్మీల సందున ఇరుక్కుంటుంది. దాని అసలు పేరు హేవలాక్ వంతెన, అప్పటి మద్రాసు గవర్నరుది. ఆ పేరు మాలో ఎవరి నోటా పలకదు, పాత బ్రిడ్జి అంటాం. 1897లో పని మొదలైంది, 1900లో రైళ్ళు నడిచాయి, 1997లో ఆగిపోయాయి. పైన బస్సులూ కింద రైళ్ళూ నడిచే బ్రిడ్జి 1974లో వచ్చింది. పాతదాని పని ఆర్చి బ్రిడ్జి అందుకుంది. పాతది మాత్రం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అలాగే నిలబడి ఉంది, ఎవర్నీ ఎక్కడికీ తీసుకెళ్ళకుండా. దాని మీద నాకు కాస్త ఎక్కువ ప్రేమ. కారణం చెబుతాను.

నాకూ ఒకప్పుడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీశాను. ఆ సాయంత్రం ఒక్కసారి చూసి పోదామని గట్టుకి వచ్చి కూచున్నాను. రైలు వచ్చింది, బ్రిడ్జి ఎక్కింది, దీపాల వరస నీళ్ళలో ఒణుక్కుంటూ అవతలికి పోయింది. నేను ఇక్కడే ఉన్నాను. ఎందుకు వెళ్ళలేదో నలభై ఏళ్ళుగా రకరకాలుగా చెప్పుకుంటూ వచ్చాను, అమ్మ ఆరోగ్యమనీ, ఇల్లనీ, ఊరి మీద మమకారమనీ. మా ఆవిడ ఒక్క మాటలో తేలుస్తుంది: "బద్ధకమండీ." అయ్యుండొచ్చు. కాని ఇప్పటికీ రైలు బ్రిడ్జి ఎక్కిన చప్పుడు వినపడితే మాట మధ్యలో ఆగిపోతాను. నేనొక్కణ్ణే కాదు, గట్టు మీదున్న నా ఈడువాళ్ళందరూ ఆగుతారు. ఆ చప్పుడు అయిపోయేదాకా ఎవరి మొహం ఎవరూ చూడరు.

వెళ్ళి తిరిగొచ్చినవాడూ ఉన్నాడు. దామెర్ల రామారావు సరిగ్గా పాత బ్రిడ్జి పని మొదలైన ఏడే పుట్టాడు, 1897లో. బొంబాయి జేజే స్కూల్లో బొమ్మలు నేర్చి మళ్ళీ నీ దగ్గరికే వచ్చాడు. 1925లో మశూచి పట్టుకుపోయింది, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. ఆయన పేరిట ఊళ్ళో ఉన్న చిత్రశాలలో ఆయన గీసిన ఆడవాళ్ళని చూస్తూ నిలబడితే, ఆ ఒంటి రంగూ ఆ చీరల రంగూ నేను రోజూ ఆరింటికి నీళ్ళ మీద చూసేవే అనిపిస్తుంది. చిత్రకళ తెలిసినవాళ్ళు ఈ మాటకి నవ్వితే నవ్వనీ.

మధ్యలో ఆపడం నీకు పాత అలవాటు. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం అందుకుని అరణ్యపర్వంలో ఆగిపోయాడు. ఆగింది ఎక్కడ? శరత్కాలపు రాత్రుల్ని వర్ణించే పద్యం దగ్గర. ఆ పర్వంలో మిగిలింది తర్వాత ఎర్రన పూర్తి చేశాడు. ఎందుకాగాడో పండితులు ఏవేవో కారణాలు చెబుతారు. నాకొక అనుమానం ఉంది, పరీక్షపేపర్లో రాస్తే సున్నా వేస్తారు: ఆశ్వయుజమాసంలో వరద తీసి నీళ్ళు తేటపడ్డాక, ఆయన కూడా ఒక సాయంత్రం ఊరికే చూసి పోదామని గట్టుకి వచ్చి కూచుని ఉంటాడు.

ఆరున్నరకి ఫోను మోగుతుంది. మా అబ్బాయి, డాలస్ నుంచి. ఇక్కడ పొద్దు కొవ్వూరు వెనక్కి దిగితే అక్కడ వాడి కిటికీలోకి వచ్చేసి ఉంటుంది. "నాన్నా, గట్టు మీదున్నావా? కెమెరా తిప్పు." తిప్పుతాను. వాడు కాఫీ తాగుతూ నా సాయంత్రాన్ని చూస్తాడు, నేను ముంతకింద పప్పు నములుతూ వాడి ఉదయాన్ని చూస్తాను. నేను ఎక్కని రైలు వాడు ఎక్కాడు. ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు ఇద్దరం. కాసేపటికి, "మీటింగుంది నాన్నా" అంటాడు. తెర నల్లబడుతుంది. ఆ నలుపులో నా మొహమూ, దాని వెనక ఒక ముక్క ఆకాశమూ.

ఇక శ్రావణమాసం. ఎర్రనీరు దిగుతుంది. అప్పుడు గట్టు మీద వేరే కబుర్లుండవు. "ధవళేశ్వరం ఎంతుందంటండీ?" అదే పలకరింపు. అక్కడి ఆనకట్ట దగ్గర నీరు పదకొండు ముప్పావు అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, పదమూడు ముప్పావుకి రెండోది, పదిహేడు ముప్పావుకి మూడోది. ఈ మూడు అంకెలూ ఇక్కడ ఎక్కాలతో పాటు వస్తాయి. మూడోది దాటితే లంకల్లో వాళ్ళు పశువుల్ని తోలుకుని ఏటిగట్ల మీదికి వస్తారు, కొత్తవాళ్ళు మాత్రం సెల్ఫీలకి వస్తారు. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ వరద పేరెత్తితే ఇప్పటికీ గట్టు మీద గొంతులు తగ్గుతాయి. ఆ ఎర్రనీరే పులసచేపని తెస్తుంది, దాని ధర విని మేష్టర్లు శాకాహారం గొప్పదనం గురించి మాట్లాడుకుంటారు.

చిన్నప్పుడు ఆ నీళ్ళే తాగేవాళ్ళం. అమ్మ ఇత్తడిబిందె నింపి, ఇండుపగింజని రాతి మీద అరగదీసి కలిపేది. పొద్దున్న లేచేసరికి మట్టంతా అడుక్కి దిగి పైన అద్దంలాంటి నీరు. నా బుర్రలో తిరిగే మట్టికి ఈ గట్టే ఇండుపగింజ అని రాస్తే అందంగా ఉండును, కాని అబద్ధం. ఇక్కడ కూచుంటే బురద ఇంకాస్త లేస్తుంది. అయినా రేపు మళ్ళీ వస్తాను.

ఇప్పుడా నీళ్ళు ఎవరూ అలా తాగరు. ఊరి మురుగు ఎక్కడ కలుస్తోందో గాలే చెబుతుంది. గోదారికి హారతి మొదలైతే మైకు మరీ గట్టిగా పెడతారు, మంత్రం కన్నా మైకే వినిపిస్తుంది. ఇవన్నీ నీతో చెప్పుకోక ఎవరితో చెప్పుకోను?

మా నాన్న భుజాల మీదెక్కి చూసిన పుష్కరాలు 1967వి. తర్వాత 79, 91, 2003, 2015. మేం వయసు పన్నెండేసి ఏళ్ళతో కొలుస్తాం. ఆఖరి పుష్కరాలకి మొదటిరోజే, జూలై 14 ఉదయం, ఈ పుష్కరఘాట్‌లోనే తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. పుణ్యానికొచ్చినవాళ్ళు. ఆ సాయంత్రం పొద్దు మామూలుగానే దిగింది. నేను మెట్ల వైపు చూడలేకపోయాను. ఉదయాల మీద నాకు నమ్మకం లేదన్నానే, అది వేళాకోళం మాత్రమే కాదు.

ఆ ఏడే నీ పేరు కాగితాల మీద రాజమహేంద్రవరం అయింది. బస్సు కండక్టరు ఇంకా "రాజమండ్రి, రాజమండ్రి" అనే అరుస్తున్నాడు, నాకు అదే వినబడుతుంది.

మళ్ళీ పుష్కరాలు 2027లో. రండి, కాని ఆ పన్నెండు రోజుల రద్దీలో కాదు. ఏ కార్తీకంలోనో ఒక మామూలు మంగళవారం రండి. గోదావరి స్టేషన్లో దిగితే గట్టు నడిచొచ్చేంత దూరమే. అయిదున్నరకల్లా అక్కడ ఉంటాను.