తారు తీసి తేనె పూశారు

1989లో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో ‘స్ప్లాష్ మౌంటెన్’ అనే నీటి సవారీ మొదలైంది. దానికి మూలం 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ సినిమా. తోటల్లో నల్లవాళ్ల బతుకు హాయిగా సాగినట్టు చూపిందని ఎన్.ఏ.ఏ.సి.పి. అప్పుడే తప్పుబట్టింది. సవారీ కట్టినవాళ్లు ఏం వదిలేశారో చూద్దాం. కథలు చెప్పే నల్ల ముసలాయన అంకుల్ రీమస్‌ని వదిలేశారు. 1992లో ఫ్లోరిడాలో కట్టినప్పుడు ఆయన పని కప్పకి అప్పజెప్పారు. కుందేలు ఇరుక్కునే తారుబొమ్మ పోయి తేనె వచ్చింది. పాటలు, జంతువులు మాత్రం ఉంచుకున్నారు.

దీన్ని సంస్కరణ అందామా? మేం అనం. ఆ కథలు బానిసత్వంలో మగ్గినవాళ్లవి. బలవంతుణ్ణి తెలివితో ఓడించే బలహీనుడి కథలవి. జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల పత్రికా రచయిత వాళ్ల దగ్గర విని, 1880లో పుస్తకం వేసి పేరు తెచ్చుకున్నాడు. పుస్తకం వాళ్ల పేర్లు మింగింది. సవారీ మొహాన్ని కూడా మింగింది. సినిమా చేసిన తప్పుని దిద్దకుండా, తప్పుకి ఆనవాలుగా మిగిలిన నల్ల మనిషిని తీసేశారు.

2024లో అదే కాలువ మీదికి నల్ల యువరాణి టియానా వచ్చింది. మంచిదే. కానీ కుందేలు కథలు అసలు సొంతదారుల పేరు మీదికి రాలేదు. మన జానపద కథల సంపుటాలు తెరిచినప్పుడూ మనం ముందు అడగాల్సింది ఇదే: రాసుకున్నదెవరో సరే, చెప్పిందెవరు?