‘పుట దొరకలేదు’: ఒక చిన్న వాక్యముపై విమర్శ

వెబ్‌సైటులో పాఠకుడు కోరిన పుట లభింపనప్పుడు దానికి మారుగా కనబడుదానిని ఎర్రర్ పేజీ యందురు. అందలి రచన నాలుగైదు వాక్యములకు మించదు. అయినను అది విమర్శకు తగిన రచనయే. పాఠకునకు దారి తెలియని సమయమున సంస్థ అతనితో మాటాడునది ఆ పుటలోనే. ఆ మాట అర్థము కానిచో, తాను వెదకునది లోకమునందే లేదని భావించి అతడు మరలిపోవును.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనసంస్థయందు ప్రతిపాదించిన వెబ్‌కు హెచ్.టి.టి.పి. అను నియమావళి ఆధారము. కోరిన పుటను పంపలేనప్పుడు సర్వరు అందులకు కారణమును ఒక సంఖ్యతో బ్రౌజరునకు తెలుపును. 404 అనగా పుట దొరకలేదని, 410 అనగా ఉండినది తొలగింపబడినదని, 503 అనగా సేవ తాత్కాలికముగా నిలిచినదని అర్థము. 4తో మొదలగు సంఖ్యలు అడిగినవారి వైపు పొరపాటును, 5తో మొదలగునవి సర్వరు లోపమును సూచించును.

ఈ విభజన యంత్రమునకు చాలునేకాని మనుష్యునకు చాలదు. 404 వచ్చినంత మాత్రమున తప్పు పాఠకునిదని చెప్పరాదు. 2013లో ఉండిన వెబ్ పుటలలో 38 శాతము పది సంవత్సరముల తరువాత లభ్యము కాలేదని ప్యూ పరిశోధనకేంద్రము 2024లో ప్రకటించినది. పుటను తీసివేసినవారును, చిరునామా మార్చినవారును నిర్వాహకులే యైనప్పుడు ‘మీరిచ్చిన చిరునామా తప్పు’ అనుట అన్యాయము. చోటు మారిన పుటనుండి క్రొత్త చిరునామాకు మళ్లించుటకు 301 అను సంకేతము నియమావళిలోనే కలదు. దానిని వాడక క్షమాపణ చెప్పుట కంటితుడుపు మాత్రమే.

ఒక శాస్త్రమున మాత్రమే ప్రసిద్ధమైన పదమును సామాన్యరచనలో వాడుట ‘అప్రతీతము’ అను దోషమని మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పెను. ‘404 ఎర్రర్’ అని పెద్ద అక్షరములతో వ్రాసి ఊరకుండుట ఈ దోషమునకు చక్కని ఉదాహరణము. రెండవ దోషము అకాలహాస్యము. పింఛను పత్రమునకో, పరీక్షాఫలితమునకో వచ్చినవానికి వింతబొమ్మను, చమత్కారమును చూపుట ఔచిత్యము కాదు. మూడవది కంటికి కనబడని దోషము. పుట లేదని పాఠకునితో చెప్పుచు, అంతయు సవ్యమే యను అర్థముగల 200 సంఖ్యను యంత్రమునకు పంపుటయే అది. దానివలన శోధనయంత్రములు లేని పుటను ఉన్నదానిగా ఎంచి మరికొందరిని అచ్చటికే పంపవచ్చును.

బ్రిటిషు ప్రభుత్వపు వెబ్‌సైటుల రూపకల్పనకు ఏర్పరచిన సూత్రములు ఈ విషయమున అనుసరింపదగినవి. సాంకేతికపదములును, హాస్యమును వలదని అవి చెప్పుచున్నవి. చిరునామాను టైపు చేసినవారు దానిని సరిచూచుకొనవలెనని, అతికించినవారు అది సాంతముగా వచ్చినదో లేదో చూడవలెనని పుటలో తెలుపుమనుచున్నవి. సహాయమునకు ఎవరిని అడుగవలెనో కూడ తెలుపుమనుచున్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఇంకొక మెట్టు ముందునకు పోయినది. లేని వ్యాసమును కోరినవానికి ఆ పేరును ఇతర వ్యాసములలో వెదకుటకును, తానే ఆ వ్యాసమును వ్రాయుటకును అది దారి చూపును. మునుపు తొలగింపబడినదైనచో ఆ వివరమును తెలుపును. అయితే వ్రాయ వచ్చినవానికి ఈ పద్ధతి ఎంత అనుకూలమో, చదువ మాత్రమే వచ్చినవానికి అంత అనుకూలము కాదు.

తెలుగు చిరునామాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ‘తెలుగు’ అను మూడక్షరముల మాట యూనికోడ్‌లో ఆరు సంకేతములు. చిరునామాలో ఒక్కొక్క సంకేతము తొమ్మిది చిహ్నములుగా మారి మొత్తము 54 అగును. ఇంత పొడవైన లింకు ఒకరినుండి ఒకరికి పంపునప్పుడు నడుమ తెగిపోవుట సులభము. మరియు ‘గ్రంథము’, ‘గ్రంథం’ అనునవి పాఠకునకు ఒకే మాట. యంత్రమునకు రెండు వేరు మాటలు. కావున తెలుగు ఎర్రర్ పేజీ, లింకు తెగియుండవచ్చునని హెచ్చరించుటయు, దగ్గర పేర్లను చూపుటయు అవసరము.

బళ్లారి, హోసూరు, బరంపురము, షోలాపురము మొదలగు చోట్ల ఇంట తెలుగు మాటాడుచు, బడిలో వేరొక లిపి నేర్చినవారు కలరు. 404 అను సంఖ్యయు, సంస్కృతసమాసములు నిండిన తెలుగును వారికి సమానముగా దుర్బోధములు. ‘మీరు అడిగిన పుట ఇక్కడ లేదు’ అను వాడుకమాట తెలుగు లిపిలోను, ఆ రాష్ట్రపు లిపిలోను ఉండుట మేలు. తమ సంచికలను వెబ్‌సైటులలో ఉంచు రాష్ట్రేతర తెలుగు సంఘములకు ఇది మరింత ముఖ్యము. ఒక లింకు చెడినచో ఒక ఊరి తెలుగువారి చరిత్రయే పరిశోధకునకు అందకపోవచ్చును. పాతపుటల ప్రతులను భద్రపరచి, 2001 నుండి అందరికిని అందుబాటులో ఉంచిన వేబ్యాక్ మెషీన్‌కు దారి చూపినను అట్టి నష్టము కొంత తగ్గును.

అడిగిన పుస్తకము లేనప్పుడు మంచి గ్రంథపాలకుడు అది ఎచ్చట దొరకగలదో చెప్పి పంపును. ఎర్రర్ పేజీని వ్రాయువారు చేయవలసినదియు ఆ పనియే.