నాలుగు అంతస్తులు, యాభై ముళ్లు

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, దాదాపు ఐదడుగుల ఎత్తు. ఇటునుంచి చూస్తే అటువైపు కనిపించే ప్లెక్సీగ్లాస్ పలకలు నాలుగు, ఒకదానిపైన ఒకటి. అడుగు పలక సముద్రగర్భం. అక్కడ జలాంతర్గాములు, నీటి అడుగున గనులు. దాని మీది పలక నేల, సముద్రం. వేల బొమ్మల్లో ఎక్కువ భాగం దీనిమీదే: సైన్యాలు, ట్యాంకులు, చమురు క్షేత్రాలు. మూడోది ఆకాశం. ఇక్కడ మేఘాలంటే దూది ఉండలు, చేత్తో తోస్తే జరుగుతాయి. ఏ దేశపు గగనతలం ఎక్కడిదాకానో హద్దులున్నాయి, కాపలాకు వైమానిక దళాలున్నాయి. అన్నిటికన్నా పైది అంతరిక్షం: ఉపగ్రహాలు, గ్రహశకలాల మీద తవ్వకాలు, కృష్ణబిలాలు కూడా.

దీని చుట్టూ నిలబడి ఆడేది నాలుగో తరగతి పిల్లలు. తొమ్మిదేళ్లు, మహా అయితే పదేళ్లు. ఆట పేరు వరల్డ్ పీస్ గేమ్. దీన్ని కట్టింది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో బడిపంతులుగా పనిచేసిన జాన్ హంటర్.

మొదటి రూపానికి ఇంత హంగు లేదు. 1978లో రిచ్మండ్ నగరంలోని ఒక బడిలో ఆయన పిల్లలకు ఆఫ్రికా గురించి పాఠం చెప్పాల్సి వచ్చింది. ఉపన్యాసం ఇవ్వాలనీ లేదు, పుస్తకం చదివించి ఊరుకోవాలనీ లేదు. పిల్లలకు ఆటలిష్టం కదా అని నాలుగైదు అడుగుల ప్లైవుడ్ చెక్క తెచ్చి, సమస్యలన్నీ దానిమీద పేర్చి, మీరే తేల్చండన్నారు. అంతకుముందే ఆయన చదువుకునే రోజుల్లో జపాన్, చైనా, భారతదేశం తిరిగి వచ్చారు. గాంధీ దేశంలో అహింస గురించి ఆలోచనలో పడి, టీచరుగా తన వంతు ఏమిటని తనను తాను ప్రశ్నించుకున్నట్టు చెబుతారు. ఆ ప్రశ్న చెక్క పలకగా మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ నాలుగంతస్తులైంది.

అంతస్తులు పెంచడం అలంకారం కోసం కాదు. ఒక్క పలక మీద దేశపటం గీస్తే పిల్లల కంటికి కనబడేది సరిహద్దు గీత ఒక్కటే. అసలు ప్రపంచంలో తగవులు ఆ గీత దగ్గరే ఆగవు. నీటి అడుగున ఖనిజం ఎవరిది, పైన ఎగిరే విమానానికి ఎవరి అనుమతి కావాలి, ఉపగ్రహం ఎవరి మీదుగా పోతోంది, ఇవన్నీ నిట్టనిలువునా వచ్చే తగాదాలు. పలకలు పారదర్శకం కావడంలోని తెలివి ఇక్కడుంది. పిల్లవాడు వంగి చూస్తే తన ఓడ కింద ఎవరి జలాంతర్గామి పొంచి ఉందో, ఓడ నెత్తిన ఎవరి విమానం ఉందో ఒకే చూపులో కనిపిస్తుంది. పాఠ్యపుస్తకం పేజీలో ఎంత రంగుల పటం వేసినా ఈ లోతు రాదు.

ఇక మనుషులు. బల్ల చుట్టూ నాలుగు దేశాలు. వాటి పేర్లు పిల్లలే పెట్టుకుంటారు. కొన్ని సంపన్నమైనవి, కొన్ని పేదవి; వ్యాపారంలోనూ సైన్యంలోనూ ఎవరి బలం వారిది. ప్రతి దేశానికీ ప్రధానమంత్రి, విదేశాంగ మంత్రి, రక్షణ మంత్రి, ఖజానా చూసే ఆర్థిక మంత్రి. ప్రధానిని హంటర్ ఎంచుతారు, అదీ ఆ పిల్లల స్వభావం తెలిసి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు ఆ పిల్లలకుంది. ఒప్పుకున్న ప్రధాని తన మంత్రులను తానే ఏరుకోవాలి. స్నేహితుణ్ణి పెట్టుకోవాలా, లెక్కలు వచ్చినవాణ్ణి పెట్టుకోవాలా అన్న చిక్కు ఆట మొదలుకాకముందే వచ్చి పడుతుంది. వీళ్లు కాక ప్రపంచ బ్యాంకు నడిపేవాళ్లు, ఐక్యరాజ్యసమితి వాళ్లు, ఆయుధ వ్యాపారులు. ఐక్యరాజ్యసమితి ప్రధాన అంగాలు ఆరు అని మన పిల్లలు కంఠతా పట్టి పరీక్ష రాస్తారు. ఇక్కడ ఆ కుర్చీలో కూర్చున్న పిల్లకు మాత్రం తన చేతిలో ఉన్న అధికారం ఎంత, లేనిది ఎంత అన్నది మొదటి తగవు వచ్చేసరికే అర్థమవుతుంది.

దేశాలు కల్పితం కావడం నాకు బాగా నచ్చింది. నిజం పేర్లు పెట్టి ఉంటే ఇంట్లో విన్న అభిప్రాయాలతో పిల్లలు వస్తారు. ఎవరు మంచి, ఎవరు చెడు అన్న తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. పేరు కొత్తదైతే ఆ సౌకర్యం పోతుంది. ఎదుటి దేశం ఎలాంటిదో దాని నడత చూసే తెలుసుకోవాలి.

ఆట అనే ఈ యంత్రానికి గుండెకాయ పదమూడు పేజీల కాగితాల కట్ట. అందులో యాభై సంక్షోభాలు. జాతుల మధ్య, అల్పసంఖ్యాకుల విషయంలో ఉద్రిక్తతలు, రసాయనాల, అణుపదార్థాల లీకులు, అణ్వాయుధాల వ్యాప్తి, సముద్రంలో చమురు ఒలకడం, నదీజలాల తగవు, విడిపోతామనే ప్రాంతాలు, కరవు, అంతరించిపోతున్న జీవులు, భూతాపం. జాబితా రాయడం ఎవరికైనా చేతనవుతుంది. పనితనమంతా వాటిని ఒకదానికొకటి ముడివేసిన తీరులో ఉంది. ఒకటి కదిలితే మిగతావన్నీ కదలాలి. ఆ ముడి ఎలా పనిచేస్తుందో నేనే ఒకటి కల్పించి చెబుతాను. పేద దేశం తీరంలో చమురు ఒలికిందనుకోండి. చేపలు పోతాయి, తిండికి కటకట వస్తుంది. అప్పుకోసం బ్యాంకు దగ్గరికి పోవాలి. అప్పు తీరాలంటే ఎగువనున్న నదినీళ్లు పొరుగు దేశానికి అమ్మాలి. ఆ నీళ్లమీదే బతికే ప్రాంతం విడిపోతానంటుంది. చమురు శుభ్రం చేసి చప్పట్లు కొట్టుకునేలోపు ఇంకో మూడు చోట్ల ముడి బిగుస్తుంది. ఒక్కో సమస్యను విడదీసి వరసగా కొట్టేయడం పిల్లలకు అలవాటైన పద్ధతి. బడి నేర్పిన పద్ధతి కూడా. అది ఇక్కడ పారదు. అందుకే మొదట్లో తరగతి అయోమయంలో పడుతుంది, తప్పటడుగులు వేస్తుంది. హంటర్ ఆ దశను తప్పించే ప్రయత్నం చేయరు. ఆట సాగే దశల్లో గందరగోళాన్నీ వైఫల్యాన్నీ ఆయన ముందు వరసలోనే లెక్కేస్తారు. వాటి తర్వాతే అవగాహన, కలిసి పనిచేయడం.

ముడులన్నీ ముందే వేసి ఉంటే ఎవరో ఒక తెలివైన పిల్ల లెక్కకట్టి దారి కనిపెట్టేయవచ్చు. దానికి విరుగుడు వాతావరణ దేవత. ఒక విద్యార్థికి అప్పగించే పదవి ఇది. ఏ దేశంలో తుపాను వస్తుందో, షేర్ మార్కెట్ లేస్తుందో పడుతుందో ఆ దేవత చేతిలో ఉంటుంది, అంతా యాదృచ్ఛికంగా. మన వైకుంఠపాళిలో పాము మింగినా నిచ్చెన ఎక్కించినా ఆడేవాడి ప్రమేయం లేదు, గవ్వలు ఎలా పడితే అలా. ఇక్కడ అదృష్టం దెబ్బ కొట్టడంతోనే సరిపెట్టుకుంటుంది. కోలుకోవడం పిల్లల బుర్రకే వదిలేస్తుంది.

ఇంకో పాత్ర ఇంతకన్నా గడుసుది. తరగతిలో ఒకరు రహస్యంగా విద్రోహి. పైకి అందరిలాగే ప్రపంచాన్ని కాపాడే పనిలో ఉంటాడు. లోపల మాత్రం తప్పుడు సమాచారం, రెండర్థాల మాటలు, పనికిరాని ప్రస్తావనలతో పనులు చెడగొడుతుంటాడు. అల్లరి పిల్లల్లోని ఆ చురుకును హంటర్ ఇలా పనిలో పెడతారు. విద్రోహి ఎవరో తెలియకపోవడంతో తరగతి మొత్తానికీ ఒక జాగ్రత్త అలవడుతుంది: ఎవరు ఏం చెప్పినా, అది నిజమేనా, ఇప్పుడెందుకు చెబుతున్నట్టు అని ఆలోచించడం. వాట్సాప్ కాలంలో ఈ ఒక్క భాగం విడిగా తీసి బళ్లలో పెట్టినా లాభమే అనిపిస్తుంది.

రోజు గడిచే తీరు ఇది. ముందు అన్ని జట్లకూ సంప్రదింపుల సమయం. పిల్లలు బల్లచుట్టూ తిరుగుతూ బేరాలాడతారు, ఒప్పందాలు కుదుర్చుకుంటారు. తర్వాత ఒక్కో దేశం వంతు. అది ఒక చుట్టు పూర్తయితే ఆటలో ఒక రోజు. మళ్లీ సంప్రదింపులు. మధ్యలో సున్ జు రాసిన చైనా యుద్ధతంత్ర గ్రంథం నుంచి చదివిస్తారు. శాంతి ఆటలో యుద్ధశాస్త్రం ఎందుకంటే, తొందరపడి కొట్టే దెబ్బ ఎక్కడికి పోయి తగులుతుందో అందులోంచే పిల్లలకు తెలిసివస్తుందని ఆయన నమ్మకం. యుద్ధం చేయొద్దని ఎక్కడా నిషేధం లేదు. చేయవచ్చు. కానీ చనిపోయిన సైనికుల తల్లిదండ్రులకు ఉత్తరం రాయాలి, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పి ఓదారుస్తూ. ప్లాస్టిక్ బొమ్మను బల్లమీంచి తీసేయడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఉత్తరానికి మాత్రం కూర్చోవాలి, తల్లి పేరు ఊహించుకోవాలి, మొదటి వాక్యం వెతుక్కోవాలి. ఈ నియమం పెట్టిన చేతికి దండం పెట్టొచ్చు. ఉపదేశం ఒక్క ముక్క లేదు, యుద్ధం ఖరీదు మాత్రం పిల్లల చేతిరాతలోకి వచ్చి కూర్చుంది.

గెలుపు షరతు మరీ కఠినం. యాభై సంక్షోభాలూ తీరాలి. దాంతోపాటు ప్రతి దేశం ఆస్తి విలువా మొదలుపెట్టిన నాటికన్నా పెరిగి ఉండాలి. ఒక్క దేశం వెనకబడినా అందరూ ఓడినట్టే. శాంతిని ఖజానా లెక్కతో కొలవడం కొందరికి రుచించదు; నాకూ పూర్తిగా రుచించలేదు. నది చచ్చిపోయి ఖజానా నిండితే ఏమనాలి? అయితే ఈ యంత్రం నడిచేది ఆ షరతు బలంమీదే. సంపన్న దేశపు ప్రధాని తన ఖజానా పెంచుకుని చేతులు దులుపుకోలేడు. పక్కనున్న పేద దేశం లెక్క కూడా వాడి గెలుపులో భాగం. దయ చూపమని ఎవరూ చెప్పకుండానే వాడు ఆ దేశం దగ్గరికి నడిచి వెళ్లాల్సి వస్తుంది.

ఇన్ని భాగాలు కలిసి ఎలా తిరుగుతాయో చూడాలంటే హంటర్ 2011లో టెడ్ ప్రసంగాల వేదికమీద చెప్పిన సంఘటన చాలు. ఆటలో అతి పేద దేశానికి రక్షణ మంత్రి ఒక తొమ్మిదేళ్ల పాప. పొరుగున చమురుతో తులతూగే దేశం. ఒకరోజు ఏ కవ్వింపూ లేకుండా, సొంత ప్రధాని మాట కాదని, ఆ పాప ట్యాంకులు నడిపించి పొరుగువారి చమురు క్షేత్రాలను చుట్టుముట్టింది. ఒక్క తూటా పేల్చలేదు. చమురు అందక పొరుగు సైన్యం కదల్లేకపోయింది. తరగతి అంతా మండిపడింది. శాంతి ఆటలో ఇదేం పని అన్నారు. తానేం చేస్తోందో తనకు తెలుసని ఆ పాప బెసకలేదు. ఆటలో మరికొన్ని రోజులు గడిచాక బయటపడింది: ఆ పెద్ద దేశం ప్రపంచం మొత్తాన్ని లొంగదీసుకునే దాడికి పథకం వేస్తోంది. చమురు చేతిలో ఉంటే చేసేదే. బొమ్మల కదలిక, బేరాల ధోరణి చూసి ఆ పాప అందరికన్నా ముందే పసిగట్టింది.

చిన్న యుద్ధంతో పెద్ద యుద్ధాన్ని ఆపడం సరైనదేనా? పదమూడు పేజీల కట్టలో దీనికి జవాబు లేదు. హంటర్ దగ్గరా సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఆయన ఆట ఆపించి పిల్లలందరినీ ఆ ప్రశ్నమీద చర్చకు కూర్చోబెట్టారు.